గుయ్, గరగర, మూగ సౌండ్: గిటార్ కేబుల్‌లో తప్పెక్కడ?

హోమ్ స్టూడియోలో సౌండ్ తేడా చేస్తే ముందు కేబుల్‌ను తిట్టుకుంటాం, తర్వాత ఖరీదైనది కొంటాం. చాలాసార్లు ఆ డబ్బు దండగే. ఒకచోట వాడాల్సిన కేబుల్ ఇంకోచోట పెట్టడమే అసలు తప్పు. పైకి అన్నీ అదే 6.35 మి.మీ. ప్లగ్. దాని మీద ఉన్న నల్ల గీతలు లెక్కపెట్టండి: ఒకటుంటే టీఎస్ (మొన టిప్, మొదలు స్లీవ్), రెండుంటే టీఆర్‌ఎస్ (ఆ రెండింటి మధ్య రింగ్ కూడా). గిటార్‌కి కావాల్సింది టీఎస్.

గుయ్‌మని హమ్ వస్తోంది

గిటార్ వాల్యూమ్ సున్నాకి తిప్పండి. హమ్ ఆగిపోయిందా? అయితే పికప్ (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే భాగం) పట్టుకుంటున్న శబ్దమే అది. సింగిల్ కాయిల్ పికప్‌కి ఇది మామూలే. కంప్యూటర్‌కి దూరంగా, కాస్త పక్కకి తిరిగి కూర్చుంటే తగ్గుతుంది. బంగారు పూత ప్లగ్ తెచ్చినా పోదు.

ఆగకపోతే ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. అప్పుడు ఆగితే గ్రౌండ్ లూప్, అంటే పరికరాల ఎర్త్‌లు రెండు దారుల్లో కలిసి హమ్ తెస్తున్నాయి. పరికరాలన్నీ ఒకే పవర్ స్ట్రిప్‌కి పెట్టండి. ఇంటర్‌ఫేస్ (గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) నుంచి మానిటర్ స్పీకర్లకి టీఎస్ వాడుతుంటే తీసేసి, రెండువైపులా బ్యాలెన్స్‌డ్ జాక్ (దారిలో చేరే హమ్‌ని రద్దుచేసేది) ఉంటే టీఆర్‌ఎస్ పెట్టండి. హమ్ పోతుంది కదా అని ఎర్త్ పిన్ మాత్రం తీసేయొద్దు, షాక్ కొడుతుంది.

చార్జర్ పీకినా ఆగకపోతే కేబుల్ మార్చి చూడండి. లోపల షీల్డ్ (బయటి శబ్దాన్ని ఆపే లోహపు అల్లిక) తెగినా ఇదే గోల.

సౌండ్ దుప్పటి కప్పినట్టుంది

ముందు ఇంటర్‌ఫేస్‌లో ఇన్‌స్ట్రుమెంట్ బటన్ నొక్కారా చూడండి. మామూలు పికప్‌కి దాదాపు 1 మెగా ఓమ్ ఇన్‌పుట్ కావాలి. లైన్ ఇన్‌పుట్ చాలావాటిలో 10 కిలో ఓమ్‌ల దగ్గర ఉంటుంది, అందులో పెడితే సౌండ్ చచ్చుబడిపోతుంది.

బటన్ సరిగ్గానే ఉంటే కేబుల్ పొడవు చూడండి. గిటార్ కేబుల్‌కి మీటర్‌కి సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ (చార్జ్‌ని పట్టి ఉంచే గుణం) ఉంటుంది. పొడవు పెరిగేకొద్దీ అది ట్రెబుల్‌ని తినేస్తుంది. గదిలో కూర్చుని వాయించేవాళ్లకి 3 మీటర్లు చాలు. పొడవు తప్పదంటే గిటార్ పక్కనే ఒక బఫర్ పెడల్ (సిగ్నల్‌ని పొడవాటి కేబుల్‌ తట్టుకునేలా చేసే చిన్న పెట్టె) పెట్టండి, ఆ తర్వాత పొడవు పెద్దగా బాధించదు.

కదిపితే గరగర

ప్లగ్ పట్టుకుని, దాని వెనక వైరుని మెల్లగా అటూ ఇటూ వంచండి. రెండు చివర్లూ ఒక్కోటిగా చూస్తే ఎక్కడ తెగిందో తెలిసిపోతుంది. మల్టీమీటర్‌ని బీప్‌లో పెట్టి ఒక చివర టిప్ నుంచి ఇంకో చివర టిప్‌కి తాకిస్తే మోగాలి. టిప్‌కీ స్లీవ్‌కీ తాకిస్తే మోగకూడదు. ప్లగ్ మర విప్పి, తెగినచోటు దాటి రెండు మూడు సెంటీమీటర్లు కోసి మళ్లీ సోల్డర్ చేస్తే కేబుల్ బాగైపోతుంది.

నేను ఒకసారి ఒకే కేబుల్‌ని మూడుసార్లు సోల్డర్ చేశాను. చివరికి చూస్తే గిటార్ జాక్ నట్టు వదులైంది. అందుకే ముందు నట్టు బిగించండి.

అసలు సౌండే లేదు, గిటార్‌లో బ్యాటరీ ఉంది

యాక్టివ్ పికప్ (బ్యాటరీతో నడిచేది) ఉన్న చాలా గిటార్లలో జాకే స్విచ్. టీఎస్ ప్లగ్ లోపలికెళ్లి జాక్‌లోని రింగ్‌నీ స్లీవ్‌నీ కలిపితేనే బ్యాటరీ ఆన్ అవుతుంది. టీఆర్‌ఎస్ పెడితే ఆ రెండూ కలవకపోవచ్చు. బ్యాటరీ మార్చేముందు ప్లగ్ గీతలు చూడండి. వాయించడం అయ్యాక ప్లగ్ తీసేయకపోతే రాత్రంతా బ్యాటరీ అరుగుతూనే ఉంటుంది.

ఆంప్ హెడ్ నుంచి క్యాబినెట్‌కి

ఆంప్ హెడ్ అంటే స్పీకర్ లేని ఆంప్లిఫైయర్, క్యాబినెట్ అంటే దాని స్పీకర్ పెట్టె. ఇక్కడ గిటార్ కేబుల్ పెట్టి ఉంటే ఇప్పుడే ఆంప్ ఆపండి. అందులో సన్నటి తీగ వేడెక్కుతుంది. ట్యూబ్ ఆంప్ నడుస్తుండగా అది తెగితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదముంది. ఇక్కడ స్పీకర్ కేబులే వాడాలి. తిరగేసి స్పీకర్ కేబుల్‌ని గిటార్‌కి పెడితే దానికి షీల్డ్ ఉండదు కాబట్టి హమ్‌తో చెవులు హోరెత్తుతాయి. రెండింటి ప్లగ్గులూ ఒకేలా ఉంటాయి, కాబట్టి కేబుల్ మీద అచ్చు చదవండి. అచ్చు లేకపోతే ప్లగ్ విప్పి చూడండి: సిగ్నల్ తీగ చుట్టూ జల్లెడలాంటి అల్లిక ఉంటే గిటార్‌ది, లావాటి తీగలు రెండు పక్కపక్కన ఉంటే స్పీకర్‌ది.