షుగర్ ఉన్నవాళ్ళకి మాల్‌లో ఏం ఆర్డర్ చెప్పాలి?

హన్మకొండలో బట్టలు కొనడానికి మాల్‌కి వెళ్తే మధ్యాహ్నం తిండి అక్కడే. మా ఆయనకి షుగర్, అందుకే ఆర్డర్ నేనే చెప్తాను. ముందు మజ్జిగ. కడుపు కాస్త నిండితే బిర్యానీ మీదికి మనసు పోదు. తర్వాత తందూరీ చికెన్, పైన వెన్న రాయొద్దని ముందే చెప్పాలి. రోటీ గోధుమపిండిదా, మైదాదా అని మొహమాటపడకుండా అడగండి. నాన్, రుమాలీ మామూలుగా మైదావే. క్రీమ్ పోసిన కూర బదులు పప్పు తడ్కా తీసుకుంటాం, పైన తేలిన నూనెని స్పూన్‌తో పక్కకి తీసేస్తాను. పళ్ళెంలో సగం కూరగాయలు, పండ్లే ఉండాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్తుంది. కాబట్టి కీరా, క్యారెట్, ఉల్లిగడ్డ ప్లేటు వేరుగా తెప్పించండి, నిమ్మకాయ పిండితే ఉప్పు అక్కర్లేదు. కాంబోలో వచ్చే కూల్‌డ్రింక్ మాత్రం ఊరికే ఇచ్చినా వద్దనండి. 300 మిల్లీలీటర్ల మామూలు కోలాలో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది.