కొత్త టెన్నిస్ బంతి లేవట్లేదా? మూత తీయకముందే డబ్బా నొక్కి చూడండి

బంతి సరిగ్గా లేవట్లేదనగానే చాలామంది రాకెట్ వంక చూస్తారు. స్ట్రింగులు వదులయ్యాయంటారు, కోర్టు మెత్తగా ఉందంటారు. బంతిని మాత్రం అనుమానించరు. ఇప్పుడే డబ్బా తెరిచాం కదా, అదెలా చచ్చిపోతుంది అని వాదన.

ముందు వదిలి చూడండి బాబూ. మామూలు బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలితే 135 నుంచి 147 సెంటీమీటర్ల దాకా లేవాలన్నది నియమం. గోడ మీద సుద్దముక్కతో గీతలు గీసుకుని, స్టూలెక్కి, సిమెంటు నేల మీదకి వదలండి. విసరొద్దు, వదలండి చాలు. కింది గీతను అందుకోకపోతే తప్పు బంతిదే.

డబ్బాలో బంతులన్నీ ఒకేలా లేస్తున్నాయి, ఆటలో మాత్రం పస లేదు

నన్ను నిలువునా ముంచింది ఇదే. ఒకదాని పక్కన ఒకటి వదిలి చూశాను, అన్నీ సమానంగా లేచాయి. బంతులు బాగానే ఉన్నాయనుకుని రాకెట్‌కి కొత్త స్ట్రింగులు వేయించాను. డబ్బు పోయింది, బంతి మాత్రం అలాగే ఉంది. వేరే డబ్బాలోని బంతి పక్కన వదిలాకే తెలిసింది: అన్నీ కలిసే చచ్చాయి.

ఎలాగంటే, బంతి లోపలి గుండు రెండు రబ్బరు అరచిప్పలు. వాటిని అతికించేటప్పుడే లోపల గాలిని బయటి గాలి కన్నా ఎక్కువ ఒత్తిడితో బంధిస్తారు. ఆపైన నూగు గుడ్డ రెండు ముక్కలు చుడతారు. రబ్బరు ఎంత మంచిదైనా ఆ గాలిని పూర్తిగా ఆపలేదు, మెల్లమెల్లగా జారిపోతూనే ఉంటుంది. అందుకే 1920ల్లో ఒత్తిడి నింపిన డబ్బాలు వచ్చాయి. బంతి లోపల ఎంత ఒత్తిడి ఉందో చుట్టూ దాదాపు అంతే ఉంటే గాలి బయటికి పోదు. ఆ డబ్బాకే కంటికి కనపడని సందు పడితే? బంతులన్నీ ఒకే వేగంతో గాలి వదిలేస్తాయి. పైన నూగు కొత్తగా మెరుస్తూనే ఉంటుంది, మీరు మోసపోతారు.

కనిపెట్టడం తేలికే. మూత తీయని ప్లాస్టిక్ డబ్బా నడుమును బొటనవేలితో గట్టిగా నొక్కండి. బాగున్న డబ్బా రాయిలా ఉంటుంది. వేలి కింద లోపలికి వంగిందంటే గాలి పోయినట్టే, తెరవకుండా వెనక్కి ఇచ్చేయండి. తెరిచేటప్పుడు బుస్సుమనే శబ్దం రాకపోయినా అదే సంగతి. చచ్చిన బంతిని వేడినీళ్లలో వేస్తే వేడిగా ఉన్నంతసేపే ఎగురుతుంది, ఆ తిప్పలు వద్దు. గోడకి కొట్టుకునే సాధనకి వాడుకోండి.

అన్నట్టు, తెరిచాక పైన పెట్టే ప్లాస్టిక్ మూత దుమ్ము పడకుండా మాత్రమే. దాన్ని బిగించి బంతులు భద్రం అనుకునేవాళ్లని చూస్తే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. తెరిచిన బంతుల్ని కాపాడుకోవాలంటే పంపుతో ఒత్తిడి నింపే గొట్టాలు విడిగా దొరుకుతాయి, ఆట అయిన వెంటనే అందులో వేయాలి.

పొద్దున లేవదు, మధ్యాహ్నం లేస్తుంది

చలి. పైన చెప్పిన కొలత 20 డిగ్రీల దగ్గరిది. బంతుల్ని రాత్రి ఇంట్లో పెట్టుకోండి.

బాగానే లేస్తుంది, గాల్లో మాత్రం నెమ్మది

నూగు ఉబ్బింది, లేదా తడిసింది. తడిస్తే ఆరబెట్టండి. ఉబ్బితే ఆ బంతిని సాధనకి పక్కన పడేయండి.

మొదటి నుంచీ తక్కువే లేస్తుంది

బంతి మీద ఎరుపు, నారింజ లేదా ఆకుపచ్చ గుర్తుందేమో చూడండి. అవి నేర్చుకునేవాళ్ల కోసం కావాలనే నెమ్మదిగా చేసినవి.

కొడితే చెక్కలా తగులుతుంది, నెలలైనా చావదు

ఒత్తిడి లేని రకం. రబ్బరు మందంతోనే ఎగురుతుంది. లోపమేమీ లేదు, నచ్చకపోతే మార్చుకోండి.

అతుకు విడిపోవడం, గుండు పగలడం చాలా అరుదు. చేత్తో పిసికితే తెలుస్తుంది, అలాంటిది చెత్తబుట్టకే.