పాత సైకిల్ హ్యాండిల్ ఎత్తాక వచ్చే తంటాలు, వాటికి మందు

వెన్ను నిటారుగా పెట్టుకుని తొక్కాలని రాడ్ బ్రేకుల పాత సైకిల్ హ్యాండిల్ ఒకటి రెండు అంగుళాలు ఎత్తుతారు. మంచిదే. పానా పట్టుకోవడం వచ్చనుకునే రాస్తున్నా.

బోల్టు వదులు చేశా, హ్యాండిల్ కదలదు

నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమందిది ఇదే. ముందు చక్రం మోకాళ్ల మధ్య ఇరికించుకుని హ్యాండిల్‌తో కుస్తీ పడుతుంటారు. అయ్యా, పైకి వచ్చింది హ్యాండిల్ నడుమ పైన కనిపించే బోల్టు ఒక్కటే! ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టం లోపల, హ్యాండిల్ కాడని (హ్యాండిల్ కింద గొట్టంలోకి దిగే కడ్డీని) బిగించి పట్టుకున్న కోన్ అనే ఇనప ముక్క ఎక్కడిదక్కడే ఉంది. బోల్టు మూడు నాలుగు చుట్లు వదులు చేసి, తల మీద చెక్క ముక్క పెట్టి సుత్తితో ఒక్కటి వేయండి, టక్కుమని దిగుతుంది. మొత్తం ఊడదీస్తే మాత్రం కోన్ గొట్టంలో ఉండిపోతుంది, దాన్ని తీయడం ఇంకో పూట పని. కోన్ దిగినా కాడ కదలకపోతే తుప్పు పట్టినట్టు. సైకిల్ తలకిందులు చేసి ఫోర్కు అడుగు నుంచి కిరోసిన్ పోసి రాత్రంతా వదిలేయండి.

హ్యాండిల్ లేచింది, బ్రేకులు పట్టేశాయి

రాడ్లు హ్యాండిల్‌కే వేలాడుతున్నాయి కదా, అది లేస్తే ఇవీ లేస్తాయి, రబ్బర్లు రిమ్ముకి అతుక్కుంటాయి. ఎత్తకముందే రాడ్ల జాయింటు బోల్టులు వదులు చేయాలి. మళ్లీ బిగించేటప్పుడు రాడ్డు కొస మాత్రమే క్లిప్పులో మిగిలితే ఒప్పుకోకండి, గట్టిగా బ్రేకు వేసిన రోజున ఊడి వస్తుంది.

వారం బాగానే ఉంది, తర్వాత మెడ దగ్గర టిక్కు టిక్కు

దీని దగ్గరే నేను బోర్లా పడ్డాను. మా నాన్న సైకిల్. కాడ కనీసం రెండున్నర అంగుళాలు, అంటే 65 మిల్లీమీటర్లు లోపల ఉండాలన్న లెక్క తెలుసు, టేపు పెట్టి చూసే బిగించా. పది రోజులకి ముందు బ్రేకు వేసినప్పుడల్లా శబ్దం. మెడ దగ్గర బాల్స్ కూర్చునే కప్పులు అరిగాయనుకుని కొత్తవి వేశా, బాల్స్ మార్చా, పై కప్పు కదలకుండా దాని మీద ఉండే చెక్‌నట్టు ఇంకాస్త బిగించా. శబ్దం పోలేదు సరికదా, ఈసారి పై కప్పు తిప్పబోతే తిరగదు. దాన్నీ తుప్పనుకున్నా. చివరికి కాడ మొత్తం బయటికి లాగి గొట్టంలో వేలు పెట్టి చూస్తే లోపల ఒకచోట గుంట, బయట సరిగ్గా అక్కడే ఉబ్బు.

సంగతేంటంటే, ఆ ఫోర్కు సైకిల్‌తో వచ్చింది కాదు. ఎప్పుడో మార్చారు. మార్కెట్లో దొరికే ఫోర్కులకి ఏ ఫ్రేముకైనా కోసి వాడుకునేలా గొట్టం పైభాగాన త్రెడ్డు (కప్పు, నట్టు ఎక్కే మరలు) పొడుగ్గా వేసి ఉండొచ్చు. దీనికి మూడంగుళాల దాకా ఉంది. త్రెడ్డు కోసిన చోట గొట్టం పలచన, కోన్ బయటికి నెట్టేది ఏ గొట్టాన్నైనా. నా రెండున్నర అంగుళాల లెక్క ఆ పలచటి చోటే కోన్‌ని కూర్చోబెట్టింది. అక్కడ ఉబ్బితే కప్పు పట్టేస్తుంది, ఇంకా తొక్కితే త్రెడ్డు వెంట చీలుతుంది. నడుస్తుండగా హ్యాండిల్ చేతికొస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

కాబట్టి 65 అనేది కనీసం, అదే సరిపోతుందని కాదు. కాడ తీసేసి, బరువు చక్రం మీదే ఉంచి (లేదంటే బాల్స్ రోడ్డు మీద ఏరుకోవాలి) చెక్‌నట్టు, పై కప్పు విప్పండి. గొట్టం అంచు నుంచి త్రెడ్డు ఎంతవరకు ఉందో చీపురుపుల్లతో కొలిచి, అక్కడ విరవండి. తర్వాత ఆ పుల్లనే కాడ పక్కన పెట్టి చూడండి: చెక్‌నట్టు అంచు దగ్గర నుంచి కొలిస్తే, కోన్ బిగిసే కింది చివర పుల్ల కొసకి ఇంకో అంగుళమైనా దిగువన పడాలి. పడకపోతే అంత ఎత్తు ఈ కాడతో రాదు. ఇంకా పైకి వంపు ఉన్న హ్యాండిల్ కొనుక్కోవాలి.

ఇప్పటికే ఉబ్బితే సుత్తితో కొట్టి సరిచేయొద్దు, వెల్డింగ్ పెట్టించొద్దు. ఫోర్కు మార్చడమే.

అల్యూమినియం కాడ ఇనప గొట్టంలో బిగుసుకుపోవడం, ఫ్రేము మెడ వంగడం లాంటివి కూడా ఉంటాయి, కానీ వాటి దాకా వెళ్లాల్సి రావడం అరుదు. కొత్త ఫోర్కుకి వెళ్లేటప్పుడు పాతది వెంట తీసుకెళ్లండి, గొట్టం పొడవు ఒక్కటే కాదు, త్రెడ్డు పొడవు కూడా పక్కపక్కన పెట్టి పోల్చుకోండి.