చెక్క అచ్చులో జపాన్ ఆడవాళ్ల బొమ్మలు – 3వ పాఠం: కణత దగ్గర జుట్టు

పోయిన పాఠంలో ముఖం గీత దాకా చెక్కాం. ఈరోజు జుట్టు, అసలు కష్టం ఇక్కడే.

ముందు ఉటమారో అనే పాతకాలపు జపాన్ చిత్రకారుడి బొమ్మ ఒకటి ఫోన్‌లో తెరవండి. 1793 ప్రాంతంలో వేసిన ‘ఈ కాలపు ముగ్గురు అందగత్తెలు’ అయితే మంచిది, అందులో కుడివైపున్న ఒకిటా అనే ఆమె ‘ఎదో’ అనే నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, టీ కొట్టు అమ్మాయి. బాగా జూమ్ చేయండి. ముఖంలో ఎక్కడా నీడ లేదు, ఉన్నవి నాలుగు గీతలే, అయినా చర్మం మెత్తగా ఉందనిపిస్తుంది. ఎందుకంటే జుట్టు నలుపు నుదుటి దగ్గర ఒక్కసారిగా ఆగిపోకుండా ఒక్కో వెంట్రుకగా విడిపోయి చర్మంలో కలిసిపోతుంది.

ఆ వెంట్రుకల్ని చిత్రకారుడు పూర్తిగా గీసి ఇచ్చేవాడు కాదు. జుట్టు హద్దు గీసి ఇస్తే మిగతాది చెక్కేవాడి చేతి పని. బట్టలూ నేపథ్యమూ శిష్యులకి ఇచ్చినా తల మాత్రం ఏళ్ల అనుభవం ఉన్న పనివాడే చెక్కాలి. బొమ్మ మీద ఉటమారో సంతకం ఉంటుంది, ప్రచురించిన త్సుతయా గుర్తు ఉంటుంది, ఆ పనివాడి పేరు ఉండదు. నాకిది ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

ఇక పని. అచ్చులో నల్లగా పడేది మనం కోయకుండా వదిలేసిన చెక్క. కాబట్టి ఒక వెంట్రుక నిలవాలంటే దానికి రెండు పక్కలా కోత పడాలి. కత్తిని నిటారుగా దించితే ఆ వెంట్రుక పుటుక్కున విరుగుతుంది, కొంచెం వాల్చి కోయండి, పొలం గట్టులా పైన సన్నగా, అడుగున వెడల్పుగా రావాలి. కత్తిని మీ వైపు లాగుతూ, రెండో చేతి వేలిని మొన వెనక ఆనించి నడపండి. ముందు అన్ని వెంట్రుకలకీ ఒక పక్క కోతలు పూర్తిచేసి, తర్వాత పలక తిప్పి రెండో పక్కవి మొదలుపెట్టండి.

ముఖం పలక మీద ఇప్పుడే వద్దు. విడి ముక్క మీద, చెక్క పోగు వెంబడే, రెండు సెంటీమీటర్ల పొడవున పన్నెండు వెంట్రుకలు తీయండి. పల్చగా నల్ల ఇంకు అద్ది, కాగితం పరిచి, చెంచా వెనకవైపుతో రుద్దండి. వెంట్రుకల మధ్య తెలుపు కనబడితే ముఖం పలక తీయండి. అంతా కలిసిపోయి మచ్చలా పడితే ఇంకో ముక్క తీసుకోండి.