యాంప్లిఫయర్‌ను చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: క్వాడ్ 2లోని ఒక్క రెసిస్టర్

గత పాఠంలో నేర్చుకున్న ఓమ్ సూత్రాన్ని (వోల్టులను ఓములతో భాగిస్తే ఆంపియర్లు) ఈసారి ఒక చరిత్ర గల యంత్రం, క్వాడ్ 2 యాంప్లిఫయర్ మీద ప్రయోగిద్దాం. దీన్ని రూపొందించిన పీటర్ వాకర్ 1936లో లండన్‌లో స్థాపించిన కంపెనీ తొలినాళ్లలో సభలకు, సమావేశాలకు కావలసిన మైకుసెట్లు తయారుచేసేది. యుద్ధకాలపు బాంబుదాడిలో అక్కడి ఆవరణ దెబ్బతినడంతో 1941లో హంటింగ్డన్ పట్టణానికి తరలింది. ‘క్వాలిటీ యూనిట్ యాంప్లిఫయర్ డొమెస్టిక్’ అన్న మాటల తొలి అక్షరాలే ‘క్వాడ్’ కాగా, సభల నుంచి ఇళ్లకు మళ్లిన ఆ సంస్థ ప్రస్థానం ఆ చివరి మాటలోనే ఉంది.

1953లో వచ్చిన క్వాడ్ 2 శక్తి 15 వాట్లు. ఈనాటి ప్రకటనల్లోని వాట్లకు అలవాటుపడినవారికి ఇది నవ్వు తెప్పించవచ్చు గాని, ఒక గదికి ఇది చాలినంత శక్తి. ఇందులో రెండు కేటీ66 వాల్వులు (సంకేతాన్ని పెంచే గాజు గొట్టాలు) జంటగా పనిచేస్తాయి. వాటి కాథోడ్ల (ఎలక్ట్రాన్లను వెదజల్లే భాగాల) నుంచి వచ్చే కరెంటు, వాల్వులను స్పీకరుతో కలిపే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లోని ప్రత్యేకమైన చుట్ల గుండా సాగి, ఒకేఒక 180 ఓముల రెసిస్టర్ (కరెంటును నిరోధించే భాగం) ద్వారా భూమికి, అంటే సర్క్యూట్‌లోని సున్నా వోల్టుల బిందువుకు, చేరుతుంది. కాథోడ్లను కూడా ట్రాన్స్‌ఫార్మర్‌కు కలపడం వల్ల ఔట్‌పుట్ దశలోనే కొంత రుణ ఫీడ్‌బ్యాక్ (ఔట్‌పుట్‌లో కొంత భాగాన్ని తిరగేసి వెనక్కి పంపడం) ఏర్పడి, ధ్వని రూపు చెడే వక్రీకరణ తగ్గుతుంది. వాకర్ రూపకల్పనలో నాకు అన్నిటికంటె నచ్చేది ఈ అమరికే.

ఇక లెక్క. ఆ రెసిస్టర్ మీద 26 వోల్టులు కనిపించాయనుకోండి. 26ను 180తో భాగిస్తే సుమారు 0.144 ఆంపియరు, అంటే రెండు వాల్వులకు కలిపి 144 మిల్లీఆంపియర్లు. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే దాదాపు 3.75 వాట్ల వేడి. బొటనవేలంత లేని భాగం ఇంత వేడిని ఏళ్ల తరబడి భరించాలి కనుక, పాత సెట్టు చేతికొస్తే మొదట దీని విలువనే కొలవాలి. మార్చవలసివస్తే 10 వాట్ల రకాన్ని, పక్కనున్న కెపాసిటర్‌కు (విద్యుదావేశాన్ని నిలువచేసే భాగానికి) తగలకుండా, కాస్త ఎత్తుగా అమర్చాలి. ప్లగ్గు తీసిన తరువాత కూడా కెపాసిటర్లలో 300కు పైగా వోల్టులు నిలిచి ఉండగలవు కాబట్టి, అవి పూర్తిగా ఖాళీ అయ్యాయని మీటరుతో నిర్ధారించుకోకుండా లోపల చేయి పెట్టకూడదు.

అభ్యాసం: ఒక వాల్వు 100, రెండవది 44 మిల్లీఆంపియర్లు లాగుతున్నా మీటరు అదే 26 వోల్టులు చూపుతుంది. ఏ వాల్వు బలహీనపడిందో తెలుసుకోవడానికి ఆ కాథోడ్ చుట్ల సొంత నిరోధం ఎలా ఉపయోగపడుతుందో బొమ్మ గీసి చూడండి. జవాబును వచ్చే పాఠంలో సరిచూసుకొని, 1967 నాటి ట్రాన్సిస్టర్ల క్వాడ్ 303కు వెళదాం.