లేత్ మీద చేసిన అల్యూమినియం గ్లాసు: తాగేముందు ఇలా కడగండి

కొత్త గ్లాసు తళతళలాడుతోంది కదా అని ఊరికే నీళ్లతో కడిగి వాడేయకండి. లేత్ మీద లోహాన్ని తిప్పుతూ చెక్కేటప్పుడు వాడే కటింగ్ ఆయిల్, మెరుగు పెట్టడానికి రాసే బఫింగ్ సబ్బు లోపలి సన్నగీతల్లో, అడుగు మూలల్లో ఇరుక్కుని ఉంటాయి. వేడినీళ్లలో అంట్లు తోమే లిక్విడ్ కలిపి 15 నిమిషాలు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమండి. ఆరాక తెల్లగుడ్డతో లోపల తుడిచి చూడండి. జిడ్డుగా నల్లమరక అంటితే బఫింగ్ సబ్బు ఇంకా ఉన్నట్టే, మళ్లీ తోమాలి. పొడిగా లేత బూడిదరంగు అంటితే అది లోహానిదే.

తర్వాత గ్లాసు మునిగేలా మంచినీళ్లు పోసి 15 నిమిషాలు మరిగించి, ఆ నీళ్లు పారబోయండి. మెరుపు తగ్గి కాస్త మసకబారుతుంది. అది లోహాన్ని కాపాడే ఆక్సైడ్ పొర, స్టీల్ పీచు పెట్టి గీకేయొద్దు. వంటసోడా, చాకలిసోడా, బ్లీచింగ్ కూడా వద్దు, ఆ పొరను తినేస్తాయి.

మంచినీళ్లకైతే సరే. మజ్జిగ, నిమ్మరసం లాంటి పులుపు పోసి ఉంచితే అల్యూమినియం కరిగి అందులో కలుస్తుంది.

ఇంకోమాట. తుక్కు కరిగించి పోత పోసిన గ్లాసైతే ఈ శ్రమంతా దండగ. అందులో సీసం కలిసి ఉండొచ్చు, అది ఎంత తోమినా పోదు. పెన్నులు పెట్టుకోవడానికి వాడుకోండి.