గైడ్‌బుక్‌తో వరంగల్ యాత్రను ముందుగా సిద్ధం చేసుకోవడం ఎలా?

వరంగల్ చూడటానికి వచ్చేవాళ్ళలో చాలామంది పొద్దున్నే దిగుతారు. వేయిస్తంభాల గుడి, భద్రకాళి, కోట, వీలైతే రామప్ప కూడా ఒక్క రోజులో చుట్టేసి రాత్రికి రైలెక్కుతారు. కోటలో ఏం చూశారని అడిగితే రాళ్ళున్నాయి, తోరణాలున్నాయి అంటారు. వాళ్ళను తప్పుపట్టలేం. ఈ ఊరి వైభవంలో సగం విరిగి నేల మీద పడి ఉంది. ఏ రాయి ఏ గుడిదో, ఎవరి కాలంలో లేచిందో, ఎప్పుడు కూలిందో తెలిసి వచ్చినవాళ్ళకు మాత్రమే అది కళ్ళకు కడుతుంది. ఆ తెలివిడిని ఇంట్లో కూర్చుని సంపాదించుకోవడానికి మంచి గైడ్‌బుక్‌ను మించిన సాధనం లేదని నా గట్టి నమ్మకం. అయితే చాలామంది దాన్ని వెనుక నుంచి తెరుస్తారు. హోటళ్ళు, భోజనం, టికెట్ ధరలు చూసి మూసేస్తారు. దాన్ని ముందు నుంచి ఎలా వాడుకోవాలో ఇక్కడ చెబుతున్నాను.

1. ముందు పుస్తకం వయసు చూడండి

అట్ట తిప్పగానే ముద్రణ సంవత్సరం వెతకండి. 2014 జూన్ 2కు ముందు అచ్చయినదైతే వరంగల్ ఆంధ్రప్రదేశ్ అధ్యాయంలో ఉంటుంది. 2016 అక్టోబరుకు ముందుదైతే రామప్ప గుడి, లక్నవరం చెరువు, జాతర జరిగే మేడారం, పాకాల చెరువు అన్నీ వరంగల్ జిల్లాలోనే కనిపిస్తాయి. ఆ తర్వాత జిల్లా చీలింది. రామప్ప, లక్నవరం, మేడారం మొదట జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి, 2019 నుంచి ములుగు జిల్లాలోకి వెళ్ళాయి. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. బస్సు వెతికేటప్పుడు, బస చూసేటప్పుడు, ఫోనులో ఊరిపేరు కొట్టేటప్పుడు ఈ మార్పులు తెలియకపోతే గందరగోళం తప్పదు.

రామప్ప గుడి 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అంతకు ముందు పుస్తకాల్లో దానికి రెండు మూడు వాక్యాలే దక్కి ఉండవచ్చు. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం ఏళ్ళ తరబడి విప్పిన రాళ్ళుగానే ఉండి, పునర్నిర్మాణం పూర్తయ్యాక 2024లో తిరిగి తెరుచుకుంది. పాత పుస్తకం చదివినవాళ్ళు దాన్ని చూడకుండానే బయటికి వచ్చే ప్రమాదం ఉంది.

అలాగని పాత పుస్తకాన్ని పారేయకండి. పెన్సిల్ తీసుకుని ప్రతి పేజీలోనూ రెండు రకాల విషయాలను వేరు చేయండి. కాకతీయుల చరిత్ర, గుడి నిర్మాణం, కోట నక్షా, ఏ ఊరు ఏ దిక్కున ఉంది అనేవి ఇరవై ఏళ్ళైనా చెల్లుతాయి. వేళలు, ధరలు, హోటళ్ళు, బస్సుల సంగతి వచ్చిన చోట అంచున ఒక చుక్క పెట్టండి. ఆ చుక్కలన్నీ ప్రయాణానికి ముందు మళ్ళీ కనుక్కోవలసినవి. నా అనుభవంలో కొత్త పుస్తకం ఒకటి, పాత పుస్తకం ఒకటి పక్కపక్కన పెట్టుకుని చదవడం అన్నిటికన్నా మేలు. పాతవాటిలో శిల్పాల గురించి ఓపికగా రాసేవారు.

2. చరిత్ర పేజీలను వరుసగా, నెమ్మదిగా చదవండి

ఈ యాత్రకు ఇదే పునాది. చదువుతూ పుస్తకం చివరి ఖాళీ పేజీలో నిలువుగా ఒక గీత గీసి, ఒకవైపు పాలకుల పేర్లు, రెండోవైపు వాళ్ళ కాలానికి చెందిన చోట్లు రాసుకోండి. కాకతీయుల రాజధాని మొదట హనుమకొండ. అక్కడ రుద్రదేవుడు 1163లో వేయిస్తంభాల గుడి కట్టించాడు. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ గర్భగుడులున్న త్రికూటాలయం అది. తర్వాత గణపతిదేవుడు రాజధానిని ఓరుగల్లు కోటకు మార్చాడు. ఆయన సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో రామప్ప గుడి కట్టించాడు. ఆ వెనుక రుద్రమదేవి, ఆమె తర్వాత మనవడు ప్రతాపరుద్రుడు. 1323లో ఢిల్లీ సేనలతో వచ్చిన ఉలుఘ్ ఖాన్, అంటే తర్వాతి కాలపు మహమ్మద్ బిన్ తుగ్లక్, కోటను పట్టుకున్నాడు. ఇంతే గీత. కానీ ఇది చేతిలో ఉంటే మీరు చూడబోయే ప్రతిచోటుకూ ఒక వరుస ఏర్పడుతుంది.

ఆ వరుస వల్లే నేను అందరికీ హనుమకొండతో మొదలుపెట్టమని చెబుతాను. వేయిస్తంభాల గుడి చూసి కోటకు వెళితే రాజధాని మారిన క్రమంలోనే మీరూ నడుస్తారు. కోట నుంచి మొదలుపెడితే కథ చివరి నుంచి చదివినట్టవుతుంది.

కోట పేజీ దగ్గర ఇంకాస్త ఆగండి. పుస్తకంలో కోట నక్షా ఉంటే దాన్ని ఒక కాగితం మీద మీరే మళ్ళీ గీయండి. బయట మట్టికోట, లోపల రాతికోట, రెండూ దాదాపు గుండ్రంగా ఉంటాయి. నడిమధ్య స్వయంభూ శివాలయ ప్రాంగణం, దాని నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు. తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో చార్మినార్‌తో పాటు కనిపించే తోరణం ఇదే. అక్కడ నిలబడ్డప్పుడు తోరణాల కింద ఫొటో దిగి వెళ్ళిపోవడం చాలా తేలిక. నక్షా గీసినవాళ్ళు మాత్రం నాలుగు తోరణాల మధ్యకు వెళ్ళి ఇక్కడొక పెద్ద గుడి ఉండేది అని తెలుసుకుంటారు. చుట్టూ పడి ఉన్న స్తంభాలు, దూలాలు, కప్పు రాళ్ళు, హంసల వరుసలు ఆ గుడివే. ఒక్కొక్కటీ ఎక్కడ అమరి ఉండేదో ఊహించుకుంటూ నడిస్తే రెండు గంటలు ఇట్టే గడిచిపోతాయి. తోరణాలకు పడమరగా కొద్ది దూరంలో ఏటవాలు గోడలతో ఖుష్ మహల్ ఉంటుంది. దాన్ని కాకతీయుల తర్వాతి కాలపు పాలకుడు షితాబ్ ఖాన్ కట్టించాడని కొన్ని పుస్తకాలు, తుగ్లక్ కాలపు కట్టడమని మరికొన్ని అంటాయి. ఇలా పుస్తకాలు విభేదించిన చోట రెండు మాటలూ రాసుకుని వెళ్ళండి. కట్టడం ముందు నిలబడి ఆ తేడాను ఆలోచించడం చరిత్రను దగ్గరగా చూడటమే.

ఒక జాగ్రత్త చెప్పాలి. వేయిస్తంభాల గుడి, రామప్ప గుడి రెండింటినీ రుద్రేశ్వరాలయాలనే పిలుస్తారు. పుస్తకం చివరి సూచికలో వెతికేటప్పుడు ఏ రుద్రేశ్వరుడో చూసుకోండి.

3. మ్యాపు మీద దిక్కులవారీగా విడదీయండి

గైడ్‌బుక్ జాబితాల్లో చోట్లు ప్రాముఖ్యాన్ని బట్టి వస్తాయి, దారిని బట్టి రావు. అందుకే చాలామంది ప్లాన్లు రోడ్డు మీద తలకిందులవుతాయి. మీరు జాబితాను మ్యాపు మీదికి ఎక్కించండి.

వరంగల్ అంటే ఒకదానికొకటి కలిసిపోయిన మూడు పట్టణాలు: కాజీపేట, హనుమకొండ, వరంగల్. పడమర నుంచి తూర్పుకు దాదాపు అదే వరుస. హనుమకొండలో వేయిస్తంభాల గుడి, దానికి దగ్గరలోనే జైన శిల్పాలున్న పద్మాక్షి గుట్ట. హనుమకొండకూ వరంగల్‌కూ నడుమ చెరువు గట్టున భద్రకాళి. వరంగల్ రైల్వేస్టేషన్ దాటి ఆవలగా కోట. ఈ నాలుగూ ఒకే దారి మీద పూసల్లా అమరుతాయి కాబట్టి, పడమర నుంచి తూర్పుకు ఒక్కసారి సాగితే చాలు, వెనక్కి తిరిగే పని లేదు.

రైల్లో వచ్చేవాళ్ళు ఏ స్టేషన్లో దిగాలో మ్యాపు చూసే నిర్ణయించుకోండి. సికింద్రాబాద్ నుంచి విజయవాడ వైపు వెళ్ళే రైళ్ళు మామూలుగా కాజీపేటలోనూ వరంగల్‌లోనూ ఆగుతాయి. ఉత్తరాది నుంచి హైదరాబాద్ వెళ్ళే రైళ్ళు వరంగల్ మీదుగా పోవు, కాజీపేటలోనే దిగాలి. హనుమకొండలో బస అయితే కాజీపేట, కోట దగ్గర్లో బస అయితే వరంగల్ అనుకూలం.

ఇక ఊరి బయట. ఇక్కడే పుస్తకం మ్యాపు ఎక్కువగా పనికొస్తుంది. రామప్ప, లక్నవరం, మేడారం ఈ మూడింటికీ ములుగు మీదుగా వెళ్ళే జాతీయ రహదారే దారి. ములుగు దాటాక రామప్పకు ఒకవైపు, ఇంకా ముందుకు పోయి చల్వాయి దగ్గర లక్నవరానికి మరోవైపు మళ్ళాలి. పస్రా, తాడ్వాయి దాకా వెళితే మేడారం. పాకాల చెరువు ఈ దారిలో లేదు, అది నర్సంపేట వైపు. రామప్పనూ పాకాలనూ ఒకే రోజులో కలిపే ప్లాన్లు జాబితాలో బాగుంటాయి, మ్యాపు మీద మాత్రం రోజంతా కారులోనే కూర్చోబెడతాయి.

4. తేదీలు ఎంచుకోండి

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో కోటలో రాళ్ళ మీద ఎండ కాల్చేస్తుంది, నీడ తక్కువ. లక్నవరం నిండుగా చూడాలంటే వానలు కురిశాక రావాలి.

గైడ్‌బుక్‌లో పండుగల పేజీని మాత్రం క్యాలెండర్ పక్కన పెట్టుకుని చదవండి. మేడారంలో సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్ళకోసారి మాఘ పున్నమి వేళ వస్తుంది. 2022, 2024, 2026 ఇలా సరి సంవత్సరాల్లో. జాతర కోసమే వస్తే అది వేరే యాత్ర, దానికి వేరే సన్నాహం కావాలి. రామప్పను ప్రశాంతంగా చూడాలనుకునేవాళ్ళు ఆ వారం ఆ దారిలో బయల్దేరవద్దు, గదులూ దొరకవు, రోడ్డూ ఖాళీ ఉండదు. బతుకమ్మ రోజుల్లో రావాలనుకుంటే నిస్సంకోచంగా రండి. ఎంగిలిపూల బతుకమ్మ నాటి సాయంత్రం వేయిస్తంభాల గుడి ఆవరణ, సద్దుల నాడు పద్మాక్షి గుట్ట దగ్గరి జనం, పూలు ఏ పుస్తకం వర్ణనకూ అందవు. ఆషాఢంలో భద్రకాళికి శాకంబరి అలంకారం చేస్తారు.

5. రోజులు పంచండి, కొన్ని వదిలేయండి

నా లెక్కలో వరంగల్‌కు కనీసం రెండు పూర్తి రోజులు, వీలైతే మూడు. మొదటి రోజు పొద్దున వేయిస్తంభాల గుడి, పద్మాక్షి గుట్ట. మధ్యాహ్నం భోజనం, విశ్రాంతి. ఎండ తగ్గాక కోట. చీకటి పడేవేళకు వెనక్కి వస్తూ భద్రకాళి. ఈ ఒక్కసారి వెనక్కి తిరగడం పరవాలేదు, మధ్యాహ్నపు ఎండలో కోటలో తిరగడం కన్నా ఇదే నయం.

రెండో రోజంతా రామప్పకు ఇవ్వండి. హనుమకొండ నుంచి సుమారు 65 కిలోమీటర్లు. వెళ్ళేముందు పుస్తకంలో ఈ గుడి పేజీని రెండుసార్లు చదవండి. పునాదిలో ఇసుక నింపిన పద్ధతి, శిఖరానికి వాడిన నీటిలో తేలే తేలికపాటి ఇటుకలు, ఎర్రటి ఇసుకరాతి గోడలు, నల్లరాతిలో చెక్కిన మదనికలు, అంటే స్త్రీ శిల్పాలు. వీటిలో కంటికి కనిపించేవి కొన్నే. ఇటుకలు, ఇసుక కనిపించవు, చదివి వెళితేనే మీకు తెలుస్తాయి. మదనికలు కప్పు అంచున ఏటవాలుగా ఉంటారు, తల ఎత్తి గుడి చుట్టూ నెమ్మదిగా తిరగాలి. నందిని చూడటం మరవకండి. సమయం మిగిలితే దగ్గర్లోని గణపురం కోటగుళ్ళు, లేదా లక్నవరం. రెండూ పెట్టుకోవద్దు.

మూడో రోజు ఉంటే పాకాల, లేదా కాజీపేట దర్గా, కొత్తవాడలో దుర్రీలు, అంటే జంపఖానాలు నేసే నేతగాళ్ళు. జాబితాలో మిగిలినవన్నీ పుస్తకంలోనే వదిలేయండి. గైడ్‌బుక్‌లో ఉన్న ప్రతి పేరుకూ హాజరు వేయించుకోవలసిన బాధ్యత మీకు లేదు.

6. చుక్క పెట్టినవి కనుక్కోండి

ప్రయాణానికి వారం ముందు చాలు. గుడి తెరిచే వేళలు, మధ్యాహ్నం మూసే సమయం, కోటలో ధ్వని-కాంతి ప్రదర్శన ఆ రోజు ఉందో లేదో, టికెట్లు, బస్సులు. పర్యాటక శాఖ, పురావస్తు శాఖ, ఆర్టీసీ వెబ్‌సైట్లలో చూసి, బస ఇచ్చేవాళ్ళను కూడా ఫోనులో అడగండి. కారు లేనివాళ్ళు రామప్పకు ఎలా వెళ్ళాలో, ముఖ్యంగా సాయంత్రం చివరి బస్సు ఎప్పుడో హనుమకొండ బస్టాండులోనే అడిగి కాగితం మీద రాసుకోండి. ములుగు దాకా బస్సులు బాగానే ఉంటాయి, అక్కడి నుంచి ఆటో కూడా ఒక దారి. భోజనం గురించి పుస్తకాన్ని నమ్ముకోనక్కరలేదు. సర్వపిండి ఎక్కడ బాగుంటుందో ఆటో డ్రైవరు బాగా చెబుతాడు.

7. అక్కడికి వెళ్ళాక పుస్తకాన్ని సంచిలో ఉంచండి

ఆ చోటి పేజీని ముందు రాత్రి ఒకసారి, గేటు దగ్గర ఒకసారి చదవండి. లోపల చదవకండి, చూడండి. బయటికి వచ్చాక మళ్ళీ తెరిచి, పుస్తకం చెప్పినదాంట్లో ఏది చూశారో, ఏది తప్పిపోయారో సరిచూసుకోండి. తప్పిపోయింది దగ్గర్లోనే ఉంటే తిరిగి లోపలికి వెళ్ళడానికి మొహమాటపడకండి. పిల్లలు వెంట ఉంటే వాళ్ళకు ఒక్కొక్కరికీ ఒక్కో బొమ్మ వెతికే పని ఇవ్వండి: కోటలో హంసలు, రామప్పలో మదనికలు, వేయిస్తంభాల గుడిలో ఏనుగులు. ఇంటికి వచ్చేదాకా వాళ్ళు ఆ లెక్కలే చెబుతారు.

కోటలోపల ఇప్పటికీ ఊరుంది, మనుషులు కాపురం ఉంటున్నారు. వాళ్ళ వాకిళ్ళ పక్కనే పాత రాళ్ళుంటాయి. అడిగి, అనుమతి తీసుకుని చూడండి. పుస్తకంలో లేని సంగతులు వాళ్ళ నోట వినవచ్చు, విన్నవి అంచున రాసుకోండి.

తిరుగు ప్రయాణం హైదరాబాద్ వైపు రోడ్డు మీదైతే జనగామ దాటాక పెంబర్తి వస్తుంది. ఇత్తడి రేకు మీద కొట్టి తీర్చే పనికి పేరున్న ఊరు. అక్కడ ఆగడానికి ఒక గంటను ప్లాన్లో ముందే రాసి పెట్టుకోండి, లేకపోతే రైలుకో, ఇంటికో ఆలస్యమవుతుందని ఆగకుండానే దాటిపోతారు.